ముందు ఒడ్డు, తర్వాత యంత్రం

"ఏ మెటల్ డిటెక్టర్ కొనమంటారు అన్నయ్యా?" అని ఎవరైనా అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను. ఎంత పెట్టగలరని కూడా అడగను. "నీళ్ళు నీకు ఎక్కడిదాకా వస్తాయి?" అని అడుగుతాను. పాదం తడవకుండా పొడి ఇసుకలో తిరుగుతారా, అల వచ్చిపోయే తడి ఇసుకలోనా, నడుం లోతు నీళ్ళలోనా, లేక తల ముంచి అడుగున వెతుకుతారా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఏదో వీడియోలో ఒకాయనకు బంగారు గొలుసు దొరకడం చూసి ఉంటారు, ఆయన చేతిలోని యంత్రమే తమకూ కావాలనుకుని ఉంటారు.

ఆ యంత్రం మంచిదే కావచ్చు. కానీ అది ఆయన ఒడ్డుకు మంచిది. మీ ఒడ్డు వేరు. ఏ ఇసుకలో, ఏ నీళ్ళలో నిలబడతారో తేల్చుకోకుండా యంత్రం కొనడం, కాలు కొలవకుండా చెప్పులు కొనడం లాంటిది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఈ ఒక్క మాటే. మిగతాదంతా దాని వివరం.

నాకు ఈ పాఠం ఒక పెద్దావిడ ఉంగరం నేర్పింది. మా స్నేహితుడి అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు అందరం కలిసి ఫ్లోరిడా తూర్పు తీరానికి వెళ్ళాం. మోకాలి లోతు నీళ్ళలో మనవడి చెయ్యి పట్టుకుని నిలబడ్డారావిడ. ఒక పెద్ద అల వచ్చి వెనక్కి పోయాక వేలు తడుముకుంటే ఉంగరం లేదు. "నలభై ఏళ్ళ నాటిది నాయనా, ఆయన చేయించింది. వదులైందని తెలుసు. దారం చుడదాం, దారం చుడదాం అనుకుంటూనే ఉన్నాను" అన్నారు. ఏడవలేదు కానీ, ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు.

నా కారు డిక్కీలో డిటెక్టర్ ఉంది. పార్కుల్లో, పెరట్లో నన్ను ఎన్నడూ నిరాశపరచని యంత్రం. ధైర్యంగా తెచ్చి తడి ఇసుక మీద ఆడించాను. కూత మొదలైంది. ఎత్తినా కూత, దించినా కూత, అల తాకితే ఇంకా పెద్ద కూత. సెన్సిటివిటీ తగ్గించుకుంటూ పోతే చివరికి నోరు మూసుకుంది. కానీ అప్పటికి దానికి చెవుడు కూడా వచ్చేసింది. నా ఉంగరం తీసి ఇసుకలో పెట్టి చూశాను, దాన్నీ పట్టలేదు. చీకటి పడేదాకా తిరిగి ఖాళీ చేతులతో వచ్చాం.

మా వీధిలో ఒకప్పుడు డైవింగ్ చేసిన పెద్దాయన ఉన్నారు. సంగతి చెబితే ఆయన ముందు యంత్రం తీయలేదు, పెద్దావిడను కూర్చోబెట్టి అడిగారు. ఎక్కడ నిలబడ్డారు, ఎన్ని గంటలకు, ఏ వైపు తిరిగి ఉన్నారు, మీ వెనక ఏమి కనిపిస్తోంది? నేను తెలుగులో అడిగి ఇంగ్లీషులో చెప్పాను. తర్వాత ఆయన ఆటుపోట్ల పట్టిక చూసి, మర్నాడు తెల్లవారుజామున ఆటు బాగా దిగే వేళకు రమ్మన్నారు. వెళ్ళేసరికి, నిన్న మోకాలి లోతు నీళ్ళున్న చోటు ఇప్పుడు తడి ఇసుక. ఆయన తెచ్చింది తెర కూడా లేని పాత పల్స్ ఇండక్షన్ యంత్రం. మోగిన ప్రతిచోటా తవ్వారాయన. తలపిన్నులు, గాలపు సీసం గుళ్ళు, సీసా మూతలు. ఒక్కటి కూడా వదలలేదు. గంటన్నర తర్వాత చిల్లుల స్కూపులోంచి ఇసుక జారిపోయి ఉంగరం మిగిలింది.

నా యంత్రం చెడ్డది కాదు. ఉప్పు నీళ్ళ కోసం చేసింది కాదు, అంతే.

ఎందుకలా జరిగిందో అర్థమైతే మీ ఎంపిక సగం అయిపోయినట్టే. డిటెక్టర్ కాయిల్ ఒక మారుతున్న అయస్కాంత క్షేత్రాన్ని భూమిలోకి పంపుతుంది. ఆ క్షేత్రంలో కరెంటు ప్రవహించగలిగిన వస్తువు ఏదున్నా దానిలో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. వాటి నుంచి వచ్చే బలహీనమైన క్షేత్రాన్ని కాయిల్ తిరిగి వింటుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం అలెగ్జాండర్ గ్రాహం బెల్ తెచ్చిన పరికరం పనిచేసిందీ ఈ సూత్రం మీదే. తూటా ఎక్కడుందో అది పట్టలేకపోయింది. పరుపులోని ఉక్కు స్ప్రింగులు దాన్ని దారి తప్పించాయని చెబుతారు. బెల్‌కు స్ప్రింగులు అడ్డం వస్తే మనకు ఉప్పు అడ్డం వస్తుంది. ఉప్పు నీళ్ళలో కరెంటు పారుతుంది. అంటే యంత్రానికి సముద్రమంతా ఒక పలచటి లోహపు రేకు. దాని కింద ఉంగరం ఉంది.

దీనికి తోడు నల్ల ఇసుక. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన ఒడ్డున నడిచినవాళ్ళకు తెలుసు, తెల్ల ఇసుక మధ్య నల్లని చారలు కనిపిస్తాయి. ఇల్మనైట్, గార్నెట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలవి. వాటిలో మాగ్నటైట్‌ను అయస్కాంతం లాగుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రానికి నేలను సరిచూసుకునే వీలుంది కానీ, ఉప్పునూ ఈ ఇనుప ఖనిజాన్నీ రెండింటినీ ఒకేసారి తీసేయడం దానికి చేతకాదు. ఒకటి తీస్తే రెండోది మోగుతుంది.

ఈ చిక్కు విప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది మల్టీ ఫ్రీక్వెన్సీ. ఒకేసారి రెండు మూడు, అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలు పంపి, ఒక్కోదానికి వచ్చిన జవాబును పోల్చి, ఉప్పు వాటాను లెక్కకట్టి తీసేయడం. 1985లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మొదలైన మైన్‌ల్యాబ్ కంపెనీ ఈ దారిలో ముందు నడిచింది. 2018లో వాళ్ళు తెచ్చిన ఈక్వినాక్స్‌తో ఈ పరిజ్ఞానం సామాన్యుడి చేతికి అందింది. ఇక్కడ ఒక జాగ్రత్త. పెట్టె మీద 'మూడు ఫ్రీక్వెన్సీలు' అని రాసి ఉన్నంత మాత్రాన చాలదు. మూడిట్లో ఒకటి ఎంచుకోమనే యంత్రం వేరు, అన్నీ ఒకేసారి నడిపే యంత్రం వేరు. తడి ఇసుకకు పనికొచ్చేది రెండోదే. కొట్టువాణ్ణి ఈ ప్రశ్న సూటిగా అడగండి.

రెండో దారి పల్స్ ఇండక్షన్. ఇది నిరంతరం పంపదు. బలమైన దెబ్బ ఒకటి కొట్టి, ఆగి, చెవి ఒగ్గి వింటుంది. మట్టికుండను వేలితో తడితే చప్పుడు వెంటనే చచ్చిపోతుంది, కంచు గంటను కొడితే మోత నిలుస్తుంది. ఉప్పు నీళ్ళ జవాబు కుండ చప్పుడులా సెకనులో లక్షో వంతు గడిచేలోగా అణగిపోతుంది. ఉంగరం జవాబు ఇంకాసేపు మోగుతుంది. ఆ కాస్త ఆలస్యం తర్వాత వినడం మొదలుపెడితే ఉప్పు మాయం, లోహం మిగులుతుంది. నల్ల ఇసుకలో కూడా దీనికి సాటి లేదు. అయితే తలపిన్నుకూ తాళిబొట్టుకూ ఇది ఒకే కూత కూస్తుంది. ఏది ఇనుమో ఏది బంగారమో చెప్పదు. మోగిన ప్రతిచోటా వంగి తవ్వే ఓపిక మీకుండాలి. మా వీధి పెద్దాయనకు ఆ ఓపిక ఉంది. మీకుందా అన్నది యంత్రం గురించిన ప్రశ్న కాదు, మీ గురించిన ప్రశ్న. నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

ఇప్పుడు నీళ్ళ లోతు దగ్గరికి వద్దాం.

పొడి ఇసుక మాత్రమే చాలనుకునేవాళ్ళకు మామూలు సింగిల్ ఫ్రీక్వెన్సీ యంత్రం సరిపోతుంది. సుమారు 300 డాలర్ల లోపు దొరుకుతుంది. నోక్టా సింప్లెక్స్ లాంటిది నీళ్ళలో మునిగినా తట్టుకుంటుంది. కానీ నీటిని తట్టుకోవడం వేరు, ఉప్పు నీటిలో పనిచేయడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని మోసపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను. చెరువులో, నదిలో, మంచినీటి సరస్సులో అది చక్కగా పనిచేస్తుంది. సముద్రపు తడి ఇసుకలో తడబడుతుంది. డాలస్‌లోనో షికాగోలోనో ఉండి సరస్సుల ఒడ్డున వెతికే తెలుగువాళ్ళు ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. ఈ ముక్క అమ్మేవాడు మీకు చెప్పడు.

తడి ఇసుక, నడుం లోతు నీళ్ళు. ఎక్కువమందికి నేను చెప్పేది ఇక్కడే నిలబడమని. కారణం ఉంది. పొడి ఇసుకలో అందరూ వెతుకుతారు. కానీ ఉంగరాలు జారేది నీళ్ళలో. చల్లని నీటికి వేళ్ళు సన్నబడతాయి, ఒంటికి రాసుకున్న క్రీములు జారుడు చేస్తాయి, అల లాగుతుంది, బంతాట ఆడుతూ చేయి విసురుతారు. కాబట్టి నడుం లోతులో నిలబడగలిగిన యంత్రం కొనుక్కున్నవాడికి పోటీ తక్కువ, దొరికేది ఎక్కువ. ఒకేసారి అన్ని ఫ్రీక్వెన్సీలు నడిపేది, పైనున్న కంట్రోల్ పెట్టెతో సహా నీళ్ళలో మునిగినా ఫర్వాలేనిది చూసుకోండి. నోక్టా లెజెండ్ అలాంటిదే. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 600, 800 యంత్రాలు 3 మీటర్ల దాకా తట్టుకుంటాయి. తర్వాత వచ్చిన ఈక్వినాక్స్ 700, 900, అదే కంపెనీ మాంటికోర్ 5 మీటర్ల దాకా. మైన్‌ల్యాబ్ వాంక్విష్ వరస కూడా మల్టీ ఫ్రీక్వెన్సీయే, ధర తక్కువే, కానీ అందులో కాయిల్ మాత్రమే తడవచ్చు. పైనున్న పెట్టె తడిస్తే దాని పని అయిపోయినట్టే. తడి ఇసుక దాటనని మీ మీద మీకు గట్టి నమ్మకం ఉంటేనే దాని జోలికి వెళ్ళండి. నాకైతే మనిషి మీద అంత నమ్మకం లేదు. మొదటి మంచి కూత నీళ్ళలో వినిపించగానే అందరం దిగేస్తాం.

తల ముంచేవాళ్ళకు వేరే లోకం. ఎక్స్‌పీ డీయస్ 2 యంత్రం 20 మీటర్ల దాకా వెళ్తుంది. మైన్‌ల్యాబ్ ఎక్స్‌కాలిబర్ 2, గారెట్ సీ హంటర్ మార్క్ 2 అనేవి 60 మీటర్ల పైచిలుకు లోతుకు తయారైనవి. ఎక్స్‌కాలిబర్ మల్టీ ఫ్రీక్వెన్సీ, సీ హంటర్ పల్స్ ఇండక్షన్. వీటిలో పనికొచ్చే గుణం తక్కువ మాటల్లో చెబుతాను. నీటి అడుగున తెర చదవలేం, చెవే కన్ను. కాబట్టి తీగతో కలిపిన వాటర్‌ప్రూఫ్ హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఒడ్డున హాయిగా పనిచేసిన బ్లూటూత్ నీటిలో పనిచేయదు, రేడియో తరంగాలను ఉప్పు నీళ్ళు మింగేస్తాయి. కాయిల్ కూడా రేడియోతో మాట్లాడే యంత్రమైతే దానికీ నీటిలో ఒక ఆంటెనా తీగ తగిలించాలి. ఇక స్కూబా శిక్షణ, సర్టిఫికెట్, పక్కన తోడు లేకుండా ఈ వర్గం యంత్రం కొనడం నాకు ఇష్టం లేదు. బంగారం మీద చూపున్నవాడు సిలిండర్‌లోని గాలి మీద చూపు మరిచిపోతాడు.

కాయిల్ గురించి ఒక్క మాట. పెద్ద కాయిల్ లోతుగా వింటుంది నిజమే, కానీ నీళ్ళలో అది తెడ్డు. అలకు అడ్డంగా ఊపుతుంటే అరగంటలో భుజం పోతుంది. 10, 11 అంగుళాలది చాలు. కొట్టులో కాదు, వీలైతే తెలిసినవాళ్ళది అడిగి నీళ్ళలో ఆడించి చూడండి. కొన్ని కాయిళ్ళు పైకి తేలతాయి. తేలే కాయిల్‌ను ఇసుకకు ఆనించి ఉంచడానికే సగం బలం ఖర్చవుతుంది.

ఇప్పుడు బంగారం సంగతి. అందరూ పొరపడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానిస్తాను. మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రం తెర మీద ఒక నంబరు చూపిస్తుంది. లోహం ఎంత తేలిగ్గా కరెంటు పారనిస్తుందో, వస్తువు ఎంత పెద్దదో, ఏ ఆకారమో అన్నీ కలిసిన నంబరు అది. అది బంగారమో కాదో చెప్పదు. అమెరికాలో ఉంగరాలు ఎక్కువగా 10, 14 క్యారెట్లవి. రాగి, వెండి, జింకు లాంటివి కలిపిన కొద్దీ బంగారంలో కరెంటు పారే గుణం బాగా పడిపోతుంది. అందుకని ఆ ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా మీది అల్యూమినియం లాగుడు రింగు, అయిదు సెంట్ల నికెల్ నాణెం, మూడూ దగ్గర దగ్గరి నంబర్లే చూపిస్తాయి. లాగుడు రింగులు తవ్వీ తవ్వీ విసిగి ఆ నంబరును యంత్రంలో మూసేసినవాడు, ఆ రోజుతో ఉంగరాలను కూడా మూసేశాడు.

మన నగలు 22 క్యారెట్లవి. పరిమాణం ఒకటే అయితే మన ఉంగరం వాళ్ళ ఉంగరం కన్నా పై నంబరు చూపిస్తుంది. ఇది మనకు అనుకూలం. కానీ మనం పోగొట్టుకునేవి ఉంగరాలేనా? నల్లపూసలు, నాను, సన్న గొలుసు. గొలుసు మనకు ఒక వస్తువు, యంత్రానికి కాదు. ఒక లింకుకూ ఇంకో లింకుకూ మధ్య కరెంటు సరిగా పారదు, అందుకని యంత్రం ఒక్కో చిన్న లింకును విడిగా వింటుంది. ఆ చిన్న లింకు జవాబు దాదాపు ఉప్పు నీళ్ళ జవాబులాగే ఉంటుంది. ఉప్పును తీసేసే యంత్రం దానితో పాటు గొలుసునూ తీసేస్తుంది. మూడు తులాల గొలుసు దొరక్క, దాని కొక్కెం దొరకడం వల్ల గొలుసు బయటపడడం ఇందుకే. ఎవరైనా "సన్న గొలుసులు కూడా పట్టే బీచ్ యంత్రం" అని అమ్మితే నమ్మకండి. నల్లపూసలు పోయాయని ఎవరైనా పిలిస్తే నేను వెళ్తాను కానీ, ముందే చెబుతాను: తాళిబొట్లు, కొక్కెం పట్టుకుంటే పట్టుకుంటాను, గొలుసు మాట ఇవ్వలేను.

కాబట్టి నా తీర్పు ఇది. ఖాయంగా ఇనుమని తేలింది తప్ప, నిలకడగా రెండు వైపుల నుంచీ మోగిన ప్రతిదాన్నీ తవ్వండి. తవ్విన చెత్తను జేబులో వేసుకుని ఒడ్డు మీది చెత్తబుట్టలో పడేయండి. పసిపిల్ల పాదంలో దిగాల్సిన గాలం మీ జేబులో ఉంటే ఆ పూట మీ శ్రమ వృథా కాలేదు.

యంత్రానికి పెట్టే డబ్బులో కొంత స్కూపుకు మిగల్చండి. ప్లాస్టిక్ స్కూపు నీళ్ళలో విరుగుతుంది. పొడుగు కర్ర ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు స్కూపు కావాలి. దాని రంధ్రాలు సెంటీమీటరు దగ్గర ఉండాలి. మరీ పెద్దవైతే చిన్న ఉంగరం జారిపోతుంది, మరీ చిన్నవైతే ఇసుక జారదు, అల మిమ్మల్ని తోసేస్తుంది. వాడిన ప్రతిసారీ ఇంటికొచ్చి యంత్రాన్ని మంచినీళ్ళతో కడగండి, చార్జింగ్ పిన్నుల దగ్గర ఉప్పు ఉండనివ్వకండి. ఇంకొకటి. ఎండకు కాగిన కారు డిక్కీలోంచి తీసిన యంత్రాన్ని వెంటనే నీళ్ళలో ముంచకండి. లోపలి వేడి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ లాగుడుకు సీలు సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. పావుగంట నీడలో పెట్టండి. వేలు పోసిన యంత్రాలు ఈ పావుగంట కోసం పోతున్నాయి.

యంత్రం సగం, ఒడ్డును చదవడం సగం. ఈ రెండో సగానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఫ్లోరిడాదే. 1715 జులై 24న హవానా నుంచి వెండి, బంగారం నింపుకుని స్పెయిన్‌కు బయల్దేరిన ఓడల వరస వారం తిరక్కుండా తుపానులో చిక్కింది. పన్నెండు ఓడల్లో పదకొండు ఆ తీరంలో మునిగిపోయాయి, వెయ్యిమందికి పైగా పోయారు. ఇప్పటికీ ఆ తీరాన్ని ట్రెజర్ కోస్ట్ అనే పిలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సెబాస్టియన్ దగ్గర ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు కిప్ వాగ్నర్, గాలివానలు పోయాక ఒడ్డున వెండి నాణాలు ఏరుకునేవాడు. సైన్యం అమ్మేసిన పాత డిటెక్టర్ ఒకటి కొన్నాడు. ఈనాటి సింప్లెక్స్ ముందు కూడా అది బొమ్మ. కానీ ఆయన రెండు సంగతులు గమనించాడు. నాణాలు ఎక్కడ పడితే అక్కడ కాక, ఒడ్డున కొన్ని చోట్లే పడుతున్నాయి. ఏ నాణెం మీదా 1715 తర్వాతి ఏడు లేదు. అంటే నాణాలు పడే చోటుకు ఎదురుగా నీళ్ళలో ఓడ ఉండాలి. పాత పుస్తకాలు, పటాలు వెతికించాడు, తుపాను తర్వాత బతికినవాళ్ళు తలదాచుకున్న చోటును డిటెక్టర్‌తో పట్టాడు, ఆ తర్వాతే నీళ్ళలోకి చూశాడు. 1960ల్లో ఆయన బృందం బయటికి తీసిన సొత్తు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది.

ఒడ్డు చదవడమంటే అదే. సముద్రం బరువును బట్టి వస్తువులను చేరుస్తుంది. సీసం గుళ్ళు, పాత నాణాలు, నల్ల ఇసుక ఒకే గీతలో కనబడితే ఉంగరం కూడా ఆ గీతలోనే ఉంటుంది, యంత్రాన్ని ఆ గీత వెంట నడపండి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ ఎక్కుతుంది, ఆటూ ఎక్కువ దిగుతుంది. ఆ రోజుల్లో ఆటుకు రెండు గంటల ముందు మొదలుపెట్టండి. గాలివాన ఒడ్డును కోసేసిన మర్నాడు బంగారు రోజు. 2004 సెప్టెంబరులో ఫ్రాన్సిస్, జీన్ అనే రెండు హరికేన్లు మూడు వారాల తేడాలో ఇదే తీరాన్ని దాదాపు ఒకే చోట తాకాయి. అలాంటి కోత తర్వాతే పాత పొర పైకి వస్తుంది. అదే ఒడ్డు మీద ప్రభుత్వం కొత్త ఇసుక పోయించిందంటే, ఏ యంత్రమైనా కొన్నాళ్ళు ఇంట్లో పెట్టేయండి.

మన దగ్గర ఈ చదువు ఉప్పాడ వాళ్ళకు బాగా తెలుసు. తుపాను వెళ్ళాక ఆడా మగా పిల్లా జెల్లా ఒడ్డుకు చేరి తడి ఇసుకలో బంగారపు ముక్కలు ఏరుకుంటారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఆ దృశ్యం దేశమంతా చూసింది. సముద్రం మింగిన ఇళ్ళలో, గుళ్ళలో పునాదుల కింద వేసిన బంగారమే ఇదని అక్కడివాళ్ళ నమ్మకం. అక్కడికి డిటెక్టర్ తీసుకెళ్దామా అని నన్ను అడిగారు. వద్దన్నాను. ఆవగింజంత పూసను ఉప్పు ఇసుకలో పట్టే యంత్రం లేదు, ఆ పనికి ఆ ఊరి ఆడవాళ్ళ కన్నే సరైన పనిముట్టు. పైగా అది ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ ఒడ్డు. వాళ్ళ చేతికి అందాల్సింది వాళ్ళకే అందాలి.

ఇక డబ్బు పోకుండా ఒక హెచ్చరిక. భూమిలో వంద మీటర్ల దూరం నుంచే బంగారాన్ని చూపిస్తామనే, ఆంటెనా ఊగే పరికరాలు అమ్ముతున్నారు. అలాంటి పని చేసే యంత్రం లోకంలో లేదు. డిటెక్టర్ నాణాన్ని పట్టేది జానెడు, జానెడున్నర లోతులో. ఇలాంటి మోసమే ఒకటి చెబుతాను. జేమ్స్ మెక్‌కార్మిక్ అనేవాడు గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మే ఉత్తుత్తి పరికరాన్ని బాంబులు పట్టే యంత్రంగా మార్చి ఇరాక్‌కు అమ్మాడు. దాన్ని నమ్ముకున్నచోట మనుషుల ప్రాణాలు పోయాయి. 2013లో లండన్ కోర్టు వాడికి పదేళ్ళ శిక్ష వేసింది. బియ్యాన్ని లాగే మహిమగల పాత్రంటూ అమ్మే మన రైస్ పుల్లింగ్ మోసం, ఈ ఆంటెనా మోసం ఒక తల్లి పిల్లలే.

అంతకన్నా గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఈ పుస్తకం గుప్తనిధుల కోసం కాదు. మన రెండు రాష్ట్రాల్లో నిధుల పిచ్చితో పాత గుళ్ళ గర్భాలయాలు తవ్వారు, నంది విగ్రహాలు పగలగొట్టారు. వెయ్యేళ్ళు నిలిచిన రాయి ఒక్క రాత్రిలో పోయింది. రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం నేరం. నేలలో దాగిన, పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ చెబుతోంది. వందేళ్ళు దాటిన నాణాలు, విగ్రహాలకు 1972 చట్టం వర్తిస్తుంది. అమెరికాలో ఉండేవాళ్ళు జాతీయ ఉద్యానవనాల్లోకి, వాటి కిందికి వచ్చే తీరాల్లోకి డిటెక్టర్ తీసుకెళ్ళకూడదు. ఫ్లోరిడాలో చాలా బీచ్‌ల ఇసుక మీద వెతకనిస్తారు, కానీ నీటి అడుగున ఉన్న చారిత్రక వస్తువులు రాష్ట్రానివి. బ్రిటన్‌లో సముద్రం ఒడ్డుకు చేర్చిన ఓడ సొత్తు దొరికితే 28 రోజుల్లో 'రిసీవర్ ఆఫ్ రెక్' కార్యాలయానికి చెప్పాలి. యంత్రం కొనకముందే మీ ఊరి నిబంధన ఏమిటో ఆ బీచ్ చూసుకునే కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. పేరు చెక్కిన ఉంగరం దొరికితే దాని యజమాని కోసం వెతకండి. ఆ పెద్దావిడ ఉంగరం వేలికి పెట్టుకుని దానికి దారం చుడుతున్నప్పటి ముఖం నేను చూశాను.

ప్రాణం గురించి కూడా ఒక మాట. అలకు వీపు చూపకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి అల చప్పుడు వినబడదు, అందుకే నీళ్ళలో ఒంటరిగా దిగకండి.

ఈ వారం మాత్రం ఏమీ కొనకండి. మీకు దగ్గరున్న ఒడ్డుకు ఆటు దిగే వేళ కనుక్కుని, ఒక కాగితం పట్టుకుని వెళ్ళండి. జనం ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ నీళ్ళలో దిగుతారు, నల్ల ఇసుక ఎక్కడ ఉంది, నీళ్ళు మీకు ఎక్కడిదాకా వస్తే ధైర్యంగా నిలబడగలరు, ఇవన్నీ రాసుకుని రండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని మళ్ళీ నన్ను అడగండి, ఏ యంత్రం కొనమంటారని.